అబద్ధం తెలుగులో వస్తోంది, నిజం మూడో రోజున ఒడియాలో వస్తోంది
ఒడిశా సరిహద్దు జిల్లాల అధికారులకు, తెలుగు గ్రూపుల అడ్మిన్లకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల కలెక్టర్లు, ఎస్పీ గార్లకు. గట్టుకి అవతల శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో అవే బాధ్యతల్లో ఉన్నవారికి. మా ప్రాంతంలో తెలుగు వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్లకు,

నమస్కారం.

నేను ఒడిశా వైపు ఓ చిన్న ఊళ్లో జిరాక్స్ షాపు నడుపుతాను. బోర్డు మీద జిరాక్స్ అని ఉంది గానీ రోజంతా చేసేది ఆన్‌లైన్ దరఖాస్తులు, రేషను కేవైసీలు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు. మధ్యలో ఎవరో ఒకరు ఫోను నా మొహం ముందు పెట్టి "బాబూ, ఇది నిజమేనేటి?" అని అడుగుతారు. రోజుకి పదిసార్లైనా అడుగుతారు. ఆ పనికి డబ్బులు తీసుకోను. ఈ ఉత్తరంలో ఉన్నదంతా ఆ కౌంటరు దగ్గర నేర్చుకున్నదే.

కిందటేడాది వేసవిలో మా ఊళ్లో ఒక పుకారు నమ్మి మనిషిని కొట్టిన సంగతి మీద మూడు అర్జీలు పెట్టాను. ఇవతల రెండు, అవతల ఒకటి. ఒకదానికి రసీదు ఇచ్చారు, మిగతా రెండిటికి అదీ లేదు. ఏ ఆఫీసులోనో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కరికే తగులుతుంది, మిగతావాళ్లు తమకి కాదనుకుంటారు. మా ఊరి పేరు కూడా రాయను. ఆ రోజు చెయ్యి చేసుకున్నవాళ్లు నా ఇరుగుపొరుగువాళ్లే. వాళ్ల పిల్లల ఫీజులు ఆన్‌లైన్లో కట్టేది నేనే.

ఆ రోజు పొద్దున్న పదింటికి గ్రూపులో ఒక ఆడియో పడింది. మా వైపు యాస కాదు, టీవీలో వార్తలు చదివే గొంతు. "పోలీసు వారి హెచ్చరిక" అని మొదలుపెట్టి, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందనీ, గోనె సంచులతో వీధుల్లో తిరుగుతోందనీ, ఈ మెసేజ్ అన్ని గ్రూపుల్లో పెట్టమనీ చెప్పింది. దాని కింద ఒక వీడియో. మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుని పోతారు.

ఆ వీడియో నాకు పాతదే. పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి తీయించినది. అసలు వీడియోలో ఆ మనుషులే వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దింపి, చేతిలో ఉన్న రాత చూపించి వెళ్తారు. ఆ చివరి ముక్క కోసేసి 2018లో దేశమంతా తిప్పారు. ఆ పుకార్ల వేడిలోనే 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో, అడుక్కుని బతికే సంచార జాతి మనుషులు ఐదుగురిని పిల్లల దొంగలనుకుని కొట్టి చంపారు. రెండు వారాలు తిరక్కుండానే బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్న అనుమానంతో హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితుల్ని వెంటాడి ఒకరిని చంపారు. ఇన్నేళ్ల తర్వాత అదే వీడియో తెలుగు గొంతు తగిలించుకుని మా వీధికి వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి వెంట్రుకలు కొనేవాడు వచ్చాడు. మా వైపు వాళ్లకి వీళ్లెవరో చెప్పక్కర్లేదు. "ఎంట్రుకలు కొంటాం, ఎంట్రుకలకి స్టీలు గిన్నెలు" అని కేకేసుకుంటూ సైకిలు మీద తిరుగుతారు. దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టుని ఆడవాళ్లు ఉండచుట్టి గోడ సందులోనో చూరులోనో దోపి ఉంచుతారు, వీళ్లు వచ్చినప్పుడు ఇచ్చి గిన్నె తీసుకుంటారు. వచ్చినవాడి దగ్గర గోనె సంచి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు సైకిలు ఆపి ఆధార్ చూపించమన్నారు. ఇంటి దగ్గర ఉందన్నాడు. పది నిమిషాల్లో అరవై మంది పోగయ్యారు. వాడి సైకిలు వెనక సామాను కట్టుకునే ట్యూబుతోనే వాణ్ణి కరెంటు స్తంభానికి కట్టారు. సంచి విప్పారు.

అందులో ఉన్నది జుట్టు. నల్లది, తెల్లది, గోరింటాకు పెట్టిన ఎర్రది, ఉండలు ఉండలుగా. అప్పటిదాకా అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా అది చూసి వెర్రెత్తిపోయారు. "పిల్లల జుట్టు గొరిగి అమ్ముకుంటున్నాడు" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. మొదటి దెబ్బ ఎవరు వేశారో నేను చూడలేదు. నేను ఫోనులో అసలు వీడియో వెతికి చూపిద్దామని తంటాలు పడుతున్నాను, సిగ్నల్ లేదు.

ఆపింది పోలీసులు కాదు, నేనూ కాదు. మా వీధి చివరింటి అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఒరే, అది నా జుట్టురా! ఇందాక నానే ఇచ్చినాను. దానికి ఈ గిన్ని ఇచ్చినాడు" అని చేతిలోని స్టీలు గిన్నెతో ఆ స్తంభాన్ని టంగుమని కొట్టింది. ఆ చప్పుడుకి అందరూ ఆగారు. తర్వాత ఇంకో ఆవిడ, "నల్లుండ నాది" అంది. ఇంకొకావిడ తన గిన్నె తెచ్చింది.

వాడికి ముందు పళ్లు రెండు ఊడాయి. ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదని నెల తర్వాత ఫోనులో చెప్పాడు. కేసు పెట్టనన్నాడు. "కేసెడితే ఏ ఊరోళ్లు రానిస్తారు బాబూ?" అన్నాడు.

ఇక మీ ఖండన సంగతి. అది మూడో రోజున వచ్చింది. లెటర్‌హెడ్ మీద, గుండ్రటి సీలుతో, ఒడియాలో, పీడీఎఫ్. మా వీధిలో అరవై దాటిన తెలుగువాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు, వాళ్లు చదివింది తెలుగు బళ్లో. వాళ్ల మనవలు ఒడియా చదవగలరు గానీ పీడీఎఫ్ అంటే తెరవరు. వాళ్లకి తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. కాబట్టి మా ఇళ్లలో తాతకీ మనవడికీ ఇద్దరికీ అందేది ఒక్కటే, తెలుగు మాట. ఆ సంగతి ఆడియో చేసినవాడికి తెలుసు. ఆఫీసులకి తెలియలేదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. మా ఫోన్లకి వచ్చే తెలుగు దాదాపు అంతా ఆంధ్ర, తెలంగాణల నుంచే వస్తుంది. అక్కడ అది నిజమే కావచ్చు, గెడ్డ దాటి ఇటొచ్చేసరికి అబద్ధమైపోతుంది. ఓసారి వానలకి అవతలి జిల్లాలో బళ్లకి సెలవిచ్చారు. ఆ వార్త చూసి మా వీధి పిల్లలు సగం మంది ఇక్కడ బడి మానేశారు, ఇక్కడ పరీక్ష జరిగిపోయింది. అక్కడ ఫలానా రేషను కార్డులు రద్దు అంటారు, ఇక్కడ నా షాపు ముందు క్యూ కడతారు. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు. కానీ "మీకు ఇది వర్తించదు" అని తెలుగులో చెప్పే గొంతు ఇవతల ఒక్కటీ లేదు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు బతుకులో పెద్ద భాగం గడిపారు. బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాసి బడి పెట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పండితులతో పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, అదీ అవతలే ఎక్కువ. ఎదుటివాడికి అర్థమయ్యే మాటలో చెప్పమన్న ఆయన పట్టుదల మా ఆఫీసుల నోటీసు బోర్డుల దాకా రాలేదు.

ఇందువల్ల మామూలు జనానికి ఏమవుతోందో నేను చూసినంత మట్టుకు రాస్తున్నాను.

1. తిరిగి అమ్ముకునేవాళ్లు రావడం మానేశారు. వెంట్రుకలు కొనేవాళ్లు ఆ తర్వాత మా వీధికి రాలేదు. పాత బట్టలకి ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చేవాళ్లు వీధి మొగలోనే ఆగుతున్నారు. సంక్రాంతికి గంగిరెద్దువాడు వచ్చాడు గానీ, మెడలో ఆధార్ కార్డు లామినేషన్ చేయించి వేలాడదీసుకుని వచ్చాడు. ఆ లామినేషన్ నా షాపులోనే చేశాను, ఇరవై రూపాయలు. తీసుకోవడానికి సిగ్గేసింది.

2. ఓటు మీద నమ్మకం పోతోంది. 2024 మే 13న ఆంధ్ర అంతటా, ఇవతల బరంపురం, కొరాపుట్ లోక్‌సభ స్థానాల్లో ఒకే రోజు పోలింగ్ జరిగింది. ఆ వారమంతా మా గ్రూపుల్లో ఒక తెలుగు మెసేజ్ తిరిగింది. లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి "సెక్షన్ 49ఎ కింద ఛాలెంజ్ ఓటు" అడగమనీ, బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ తప్పదనీ. 2019లోనూ ఇదే తిరిగింది. ఇందులో టెండర్ ఓటు ఒక్కటే నిజం. మీ పేరు మీద వేరెవరో ముందే ఓటేసి పోతే, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49పి ప్రకారం మీకు వేరే బ్యాలెట్ పేపరు ఇస్తారు. ఛాలెంజ్ అంటే, వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పడం. లిస్టులో పేరు లేనివాడికి అక్కడ ఏ ఓటూ లేదు. 14 శాతం అన్నది ఏ నిబంధనలోనూ లేదు.

మా వీధి కుర్రాడొకడు కేరళలో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పని మానుకుని రెండు రోజులు రైల్లో వచ్చాడు. లిస్టులో పేరు లేదు. ఆ మెసేజ్ తెరిచి పోలింగ్ ఆఫీసరుకి చూపించి సెక్షన్ నంబరు చదివాడు. ఆయన కాదన్నాడు. వీడు అరిచాడు. కానిస్టేబులు వచ్చి బయటకి పంపించాడు. ఆ సాయంత్రం నా షాపు మెట్ల మీద కూర్చుని, "నా హక్కు దొబ్బేశారు అన్నా" అన్నాడు. లిస్టులో పేరు చేర్చుకునే ఫారం 6 నింపుదాం రారా అంటే ఇప్పటికీ రాడు. పేరు పోవడానికి కారణం ఇల్లు మారడమో మరొకటో అయి ఉంటుంది. తన ఓటు ఎవరో కావాలనే ఎగ్గొట్టారని వాడి నమ్మకం. ఎన్నికల సంఘం 2024 ఏప్రిల్ 2న ఇలాంటి అపోహల మీద ఒక వెబ్‌సైట్ పేజీ పెట్టింది. మంచి పని. మా ఊళ్లో దాన్ని నేను తప్ప తెరిచినవాళ్లు కనపడలేదు.

ముందున్నది పంచాయతీ ఎన్నికలు. 2022 ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్లు 2027లో నిండుతాయి. వార్డు మెంబరు పది ఓట్లతో గెలిచే ఎన్నిక అది. "ఫలానా ఆయన పోటీలోంచి తప్పుకున్నాడు" అని ముందురోజు రాత్రి ఒక ఆడియో చాలు. ఇప్పుడైతే ఆయన గొంతుతోనే చెప్పించొచ్చు. మా షాపులో పనిచేసే కుర్రాడు సరదాకి నా గొంతుతో "ఇంటికి రావడం ఆలస్యమవుతుంది" అని తయారుచేసి మా ఆవిడకి పంపాడు. ఆవిడ నమ్మి నాకు అన్నం మూతపెట్టి పడుకుంది. 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకి, ఇలాంటి నకిలీలు తమ దృష్టికి వస్తే మూడు గంటల్లో తీసేయమని చెప్పింది. కానీ మా సర్పంచి, వార్డు ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, పైగా వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఆ మాట మాకు వర్తిస్తుందని ఎవరు చెప్పాలి?

3. సుభద్ర డబ్బులు. 2024 సెప్టెంబరు 17న మొదలైన ఈ ఒడిశా ప్రభుత్వ పథకంలో 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి రెండు విడతల్లో 10 వేలు, ఐదేళ్లకి 50 వేలు. మొదటి విడత కొందరికి పడి కొందరికి పడలేదు. వెంటనే తెలుగులో ఒక ఆడియో. ఆంధ్రా నుంచి వచ్చిన కోడళ్ల పేర్లు, తెలుగు ఇంటిపేర్లు పక్కన పెట్టేస్తున్నారట. మా ఊళ్లో పెళ్లి సంబంధాలు సగం అవతలివే. ఒక్కో గుమ్మంలో ఆ మాట ఎలా మండిందో ఆలోచించండి. పొదుపు సంఘంలో పదేళ్లుగా పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లు "మీవాళ్లకి పడ్డాయి, మావాళ్లకి పడలేదు" అనుకున్నారు. మీవాళ్లు మావాళ్లు అన్న మాట ఆ సంఘంలో అప్పటిదాకా నేను వినలేదు. నా దగ్గరకొచ్చిన దరఖాస్తుల్లో ఆగినవన్నీ తీసి చూశాను. బ్యాంకు ఖాతాకి ఆధార్ మ్యాపింగ్ కాకపోవడం, జాయింట్ అకౌంటు ఉండటం, ఈకేవైసీ పెండింగు, ఇవీ కారణాలు. ఆగినవాటిలో ఒడియా ఇంటిపేర్లూ సరిసమానంగా ఉన్నాయి. ఈ కంగారులోనే "పేరు తిరిగి చేర్చుకోవడానికి" అని ఒక లింకు వచ్చింది. అందులో ఓటీపీ చెప్పి ఒకావిడ 11 వేలు పోగొట్టుకుంది. అవి ఆవిడవి కావు, సంఘానివి.

4. కొటియా. ఆంధ్ర, ఒడిశా రెండూ మావే అంటున్న ఆ 21 ఊళ్ల తగువు 1968 నుంచీ సుప్రీంకోర్టు చుట్టూ తిరుగుతోంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కింద పిటిషన్ వేసింది. అక్కడివాళ్లలో చాలామందికి రెండు వైపులా కార్డులున్నాయి, వాళ్ల తిప్పలేవో వాళ్లు పడుతున్నారు. పేపర్లో కొటియా పేరు కనపడగానే మా గ్రూపుల్లో "కొటియాలో ఇప్పుడే" అని ఎక్కడివో పాత వీడియోలు దిగుతాయి. ఒకదాంట్లో పోలీసుల వెనక సముద్రం కనపడుతోంది. కొటియా కొండల మీద ఉంటుంది! అయినా ఆ రోజు బస్సులో "మీ ఆంధ్రావోళ్లు", "మీ ఒడియావోళ్లు" అని మొదలవుతుంది. పక్కపక్క సీట్లవాళ్లు మొహాలు తిప్పుకుంటారు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది, నిజమే. ప్రతిసారీ సర్దుకుంటుందన్న ధీమా నాకు లేదు.

అర్జీల కథ రెండు ముక్కల్లో. ఇవతల, "ఆడియో ఆంధ్రా నంబరుది, అక్కడ ఇచ్చుకోండి" అన్నారు. అవతల, "దెబ్బలు తిన్నది ఒడిశాలో, అక్కడే ఇవ్వాలి" అన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. సుప్రీంకోర్టు 2018 జులై 17న మూకదాడుల కేసులో, ప్రతి జిల్లాకీ అలాంటి దాడులు జరగకుండా చూడటానికి ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టమంది. మన జిల్లాకి ఆయన ఎవరండీ అని అడిగాను. "అదేటి?" అని గుమాస్తా గారు నన్నే అడిగారు. ఆయన తప్పేం లేదు, ఆయనకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మేం అడుగుతున్నవి.

1. తుఫానుకి చేసినట్టే చెయ్యండి. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో పదివేల దాకా ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి చావులు యాభైకి లోపే ఆగాయి. అదెలా చేశారో మేం కళ్లారా చూశాం. మైకు కట్టిన ఆటో వీధి వీధికీ తిరిగింది, వార్డు మెంబరు తలుపు తట్టాడు, తెలుగు వీధిలో తెలుగులో చెప్పారు. అప్పుడు భాష అడ్డం రాలేదు. పుకారు వచ్చిన రోజున ఆ ఆటో ఎందుకు రాదు? మూడు గంటల్లోపు ముప్పై సెకన్ల ఆడియో కావాలి. ఒడియాలో, తెలుగులో, సవరలో, కువిలో, ఎక్కడ ఏది అవసరమో అందులో. బీడీఓ గానీ ఎస్సై గానీ తన పేరు, ఫోను నంబరు చెప్పి మాట్లాడాలి. పీడీఎఫ్ తర్వాత తాపీగా వేసుకోండి. చదివేవాళ్లు చదువుతారు.

2. నోడల్ అధికారి పేరు, నంబరు ప్రతి పంచాయతీ గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. పెయింటు ఖర్చు మేం పెట్టుకుంటాం.

3. ఫిర్యాదు తెస్తే అవతలికి పొమ్మనకండి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మావోయిస్టుల కోసం కూంబింగ్‌కి రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి వెళ్లడం ఇన్నేళ్లూ చూశాం. ఒక ఆడియో ఎక్కడ పుట్టిందో వెతకడానికి ఆ కలయిక కుదరదంటే నమ్మలేం. రెండు వైపులా సరిహద్దు స్టేషన్ల మధ్య ఈ పనికి ఒక గ్రూపు పెట్టండి. ఆంధ్రలో ఇచ్చిన సెలవు, రద్దు, పథకం ఇక్కడికి వర్తించదని అందులోంచే మాకు కబురు రావాలి.

4. తయారుచేసినవాణ్ణి పట్టుకోండి. తప్పుడు పుకారు పుట్టించి జనాన్ని రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. భయపడి ముందుకు పంపిన అమ్మమ్మ మీద కాదు, పోలీసు గొంతు పెట్టి ఆడియో చేసినవాడి మీద వాడండి. ఇంకో మాట. ఏది నిజమో ఏది అబద్ధమో ప్రభుత్వమే తేల్చి తీసేయించే అధికారం మీకివ్వమని మేం అడగడం లేదు. ఐటీ చట్టంలో, ఆన్‌లైన్ రాతలకి జైలు పెట్టే 66ఎని సుప్రీంకోర్టు 2015లో ఎందుకు కొట్టేసిందో, కేంద్రం పెట్టబోయిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనని బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో ఎందుకు కొట్టేసిందో మాకు తెలుసు. రోడ్డు బాగోలేదని రాసిన కుర్రాడి మీద పుకారు కేసు పెడతారన్న భయం మాకుంది. మా నోళ్లు కట్టేయొద్దు, మీరు నోరు విప్పండి, అంతే.

5. నెట్ ఆపేయడం మందు కాదు. 2023 ఏప్రిల్‌లో సంబల్‌పూర్‌లో, 2025 అక్టోబరులో కటక్‌లో గొడవలప్పుడు ఆపారు. నెట్ పోతే పుకారు నోటిమాటగా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని కాదనే మెసేజ్ ఒక్కటే ఆగిపోతుంది. రేషను మిషను ఆగుతుంది, ఫోన్‌పే ఆగుతుంది, నా షాపు మూతపడుతుంది. ఇది స్వార్థం అనుకున్నా సరే. తప్పనిసరైతే, ఉత్తర్వు బయట పెట్టాలని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితం తెలుగులో కూడా పెట్టండి.

6. పంచాయతీ నోటిఫికేషన్ రాకముందే, ఓటరు లిస్టు గురించి ఊరూరా ఒక పూట తెలుగులో చెప్పించండి. కేరళ నుంచి వచ్చేవాడికి రైలెక్కకముందే తెలియాలి, పేరుందో లేదో.

అడ్మిన్ గార్లూ, ఇక మీతో. మెంబరు పెట్టినదానికి అడ్మిన్ మీద నేరం మోపలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అందుకని నిశ్చింతగా ఉన్నారు, తెలుసు. మీలో ముగ్గురు నా కస్టమర్లే. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. మీరు డౌన్‌లోడ్ చేసి మళ్లీ పెడుతున్నారు కాబట్టి ఆ బాణాలు పోతున్నాయి. అది మానండి. ఊళ్లో టెన్షన్‌గా ఉన్నప్పుడు అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసే సెట్టింగ్ ఒక్క రోజు పెట్టండి. ఎవరైనా పెట్టినదాన్ని అందరికీ కనపడకుండా తీసేసే వీలు మీ చేతిలోనే ఉంది. ఆ రోజు పదింటి ఆడియో మూడింటి దాకా మన గ్రూపులో అలాగే ఉంది. అడ్మిన్ దాన్ని చూశాడు, కింద దండం బొమ్మ కూడా పెట్టాడు.

అధికారులకి చివరగా ఒక మనవి. ఈ ఉత్తరం కాపీలు మీ అందరికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదులు దగ్గరున్నాయి. ముప్పై రోజులు చూస్తాను. ఆ తర్వాత నోడల్ అధికారి వివరాల కోసం సమాచార హక్కు కింద ప్రతి జిల్లాకీ వేరువేరుగా దరఖాస్తు వేస్తాను. జవాబు ఒడియాలో రాసినా ఇబ్బంది లేదు, నాకు చదవడం వచ్చు. షాపు ముందు అంటిస్తాను, పక్కనే తెలుగులో రాసి.

ఇట్లు,
సరిహద్దు ఊళ్లో ఒక జిరాక్స్ షాపువాడు